ఎడమచేతి కోతి

మార్చి 2

తమ్ముడు బావ్‌షెంగ్ వచ్చాడు. చేతిలో పళ్ళ బుట్ట. వాడు పళ్ళు తెచ్చాడంటే నాతో ఏదో పని పడిందన్నమాటే. కిందటిసారి నారింజలు తెచ్చి పదకొండు కోతి అంగీలు కుట్టించుకుపోయాడు. ఈసారి చెర్రీలు.

హాంగ్‌జౌలో కుర్రాళ్ళెవరో కంపెనీ పెట్టి, ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నారట. అందులో హీరో మన పాతకథల కోతిరాజు, దేవతల్ని ఏడిపించినవాడు. ఈ దేశంలో ఎవరేం కొత్తగా తయారుచేసినా చివరికది కోతిరాజే అవుతుంది. సినిమా తీసినా ఆయనే, బొమ్మ చేసినా ఆయనే, ఆఖరికి బిస్కెట్ పొట్లం మీదా ఆయనే. కాకపోతే వీళ్ళకి నాటకాల్లో వేసే అసలు కోతి కావాలట. అంటే మా లౌ వారి కోతి, నాన్న బతుకంతా స్టేజీ మీద వేసినది. నడక, గెంతు, చెవి గోక్కోవడం, పండు ఒలుచుకోవడం, అన్నీ యంత్రాలతో పట్టుకుని బొమ్మకి తొడుగుతారట. నాన్న పోయాడు కాబట్టి నాన్న కొడుకుని పట్టుకున్నారు. వీడు సంతకం పెట్టేశాడు.

"తుంటికి ఇనపకీలు వేయించుకున్నవాడివి, ఎలా గెంతుతావురా?" అన్నాను.

"నేను గెంతుతానని ఎవరన్నారు? ఒంటికి నల్లబట్టలు తొడుగుతారు, బొమ్మలో మన మొహం కనపడదు. నువ్వు గెంతక్కా."

"నాకు యాభై నాలుగు."

"రోజూ పొద్దున్నే కాలవగట్టున గెంతుతున్నావుగా. ఊరందరికీ తెలుసు."

అది ఆరోగ్యం కోసం. ఆ మాటే చెప్పాను.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "సర్కారువారి పాత కళల వారసుల జాబితాకి దరఖాస్తు పెడుతున్నా కదా, ఇది గట్టెక్కితే అందులో నీ పేరూ రాయిస్తాలే" అన్నాడు. నేనడగలేదు. వాడే అన్నాడు. పదేళ్ళ కిందట ఒకసారి నా అంతట నేనే దరఖాస్తు పెడితే, ఇంటికి ఒక్క పేరే, అది కొడుకుకే అని తిప్పి పంపారు. అప్పటినుంచీ దాని గురించి ఆలోచించడం మానేశాను.

మార్చి 3

ఆలోచించడం లేదు.

మార్చి 5

మా ఆయనకి చెప్పాను. పేకాట మీంచి తల ఎత్తకుండా, "కొండముచ్చు పెళ్ళికి కోతి పేరంటాలని, నీకెందుకే ఈ గోల? ఎముకలు విరిగితే ఆసుపత్రికి తిరగాల్సింది నేను" అన్నాడు. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరయిన మనిషి. ఎదురుగా ఏదొస్తే దానికి హారన్ కొట్టడం ఆయనకి అలవాటు.

తమ్ముడికి సాయం చేస్తున్నానంతే. ఇందులో నాకు ఒరిగేదేమీ లేదు.

మార్చి 11

హాంగ్‌జౌ వెళ్ళొచ్చాను. పెద్ద గది, ఒక్క కిటికీ లేదు, గోడలనిండా కెమెరాలు. బిగుతు నల్లబట్టలు తొడిగి, వాటి మీద బఠానీ గింజలంత తెల్లగుండ్లు అంటించారు. అద్దంలో చూసుకుంటే నువ్వులద్దిన ఉండలా ఉన్నాను.

ఆటకి దర్శకుడట, ముప్పై కూడా నిండలేదు. "మా కోతికి లోపల ఒక గాయం ఉంది పిన్నీ. ఒంటరితనం ఉంది. అది నడకలో కనపడాలి" అన్నాడు. నాన్న కోతికి లోపల ఆకలి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పండు కనపడితే దొంగిలించడం, దేవుడు కనపడితే వెక్కిరించడం. ఈ కాలం కోతులు ఎందుకో దిగులుగా ఉంటున్నాయి. సినిమాల్లో కూడా అంతే, వానలో నిలబడి ఆకాశం వంక చూస్తుంటాయి. నేను సరేనని తలూపి నాన్న కోతినే వేశాను. అయ్యాక ఆ అబ్బాయి కళ్ళు తుడుచుకుని, "ఆ ఒంటరితనం ఎంత బాగా పట్టారు పిన్నీ!" అన్నాడు. మధ్యాహ్నం రెండైంది, అప్పటికింకా ఎవరూ అన్నం పెట్టలేదు.

కంప్యూటర్ దగ్గర జీవెన్ అని ఒక పిల్ల కూర్చుంది. నీలం జుట్టు, మంచి పిల్ల. నాన్నది పాత వీడియో ఒకటి పక్కన పెట్టుకుని చూస్తోంది.

"పిన్నీ, తాతగారు అన్నీ కుడిచేత్తో చేస్తున్నారు. మీరన్నీ ఎడమచేత్తో చేస్తున్నారేంటి?"

నవ్వేసి ఊరుకున్నాను. ఆ పిల్లకి ఏం చెప్పను? వాకిట్లో నాన్న తమ్ముడికి నేర్పేటప్పుడు వాడికి వీపు పెట్టి నిలబడేవాడు, వాడు వెనకనించి చూసి చేసేవాడు. నేను ఎదురుగా అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలిచేదాన్ని. నాన్న కుడిచెయ్యి ఎత్తితే నాకు అద్దంలోలాగా కనపడేది. ఎవరూ లేనప్పుడు పెరట్లోకి పోయి, చూసింది చూసినట్టు చేసేదాన్ని. అలా మొత్తం ఎడమచేతివాటంగా వచ్చింది. ఒకసారి నాన్న చూసేశాడు. కొడతాడనుకున్నాను. నవ్వాడు. "ఎడమచేతి కోతిని ఎవరు చూస్తారే పిచ్చిదానా" అని లోపలికి పోయాడు. కొట్టినా బాగుండేది.

కానీ ఒకటి. వాడికి దొరికింది నాన్న వీపు. మొహం నాకే దొరికింది. కోతి ఉండేదంతా మొహంలోనే.

"పర్లేదు పిన్నీ, ఒక్క మీట నొక్కితే కుడిదైపోతుంది" అంది జీవెన్. నొక్కింది. తెర మీద నా కోతి కుడిచేత్తో చెవి గోక్కుంది. నలభై ఆరేళ్ళ తప్పు ఒక్క వేలితో సరైపోయింది. నాకేమీ అనిపించలేదు.

ఏప్రిల్ 5

పెద్దల సమాధులు శుభ్రంచేసే రోజు. బియ్యప్పిండిలో ఆకురసం కలిపి పచ్చ ఉండలు చేసి పట్టుకెళ్ళాను. నేను కలుపు పీకుతుంటే తమ్ముడు నాన్న సమాధి ముందు నిలబడి, "నాన్నా, నీ కోతిని ప్రపంచమంతా చూసేట్టు చేస్తున్నాను" అన్నాడు. కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. దొంగ ఏడుపు కాదు. చెప్పగా చెప్పగా వాడికే నిజమైపోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టుంది, కాకపోతే ఇక్కడ అత్త పక్కనే కూర్చుని గడ్డి పీకుతోంది.

వారసుల దరఖాస్తు గురించి వాడేమీ అనలేదు. సమాధుల దగ్గర అలాంటి మాటలేం బాగుంటాయి.

మే 20

జీవెన్ ఫోన్ చేసింది.

"పిన్నీ, కథలో ఉంటుంది కదా, కోతిరాజు రూపంతో ఇంకో కోతి వస్తుంది, ఏది అసలో ఏది దొంగో దేవతలు కూడా తేల్చుకోలేరు. ఆ దొంగ కోతిని కూడా ఆటలో పెడుతున్నాం. అన్నిట్లోనూ ఒకేలా ఉండాలి, కానీ ఏదో తేడా తెలియాలి. డైరెక్టర్ వారంరోజులు జుట్టు పీక్కున్నాడు. నేను మీది తిప్పకుండా పెట్టి చూపించాను. ఎగిరి గంతేశాడు!"

అంటే తిప్పినది అసలు కోతి. నేను చేసింది చేసినట్టు పెడితే దొంగ కోతి.

"బాగుందమ్మా" అన్నాను. బాగానే ఉంది. నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసి కాసేపు నవ్వుతూనే ఉన్నాను. మా ఆయన వచ్చి, "ఎందుకే ఏడుస్తున్నావు?" అని అడిగాడు. ఆయనకి కళ్ళద్దాలు మార్చాలి.

జూన్ 14

ఏమీ లేదు. మోకాలు బాగానే ఉంది.

సెప్టెంబర్ 9

ఆట విడుదలైంది. ఆఖర్న పేర్లు వస్తాయి, చిన్న అక్షరాలు. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. "కోతి కదలికలు: లౌ బావ్‌షెంగ్." రెండు కోతులకీ కలిపి అదే. నేను ఇంకేమీ ఆశించలేదు కాబట్టి బాధేమీ లేదు.

సరదా ఏమిటంటే పిల్లలకి అసలు కోతి కంటే దొంగ కోతే నచ్చిందట. బజార్లో టోఫు అమ్మేవాడి కొడుకు ఎడమచేత్తో చెవి గోక్కుంటూ తిరుగుతున్నాడు. బస్టాపులో ఇద్దరు ఆడపిల్లలు కూడా. మా ఆయన పేకాట మానేసి ఫోన్ పట్టుకున్నాడు, ఎప్పుడూ ఆ దొంగ కోతితోనే ఆడతాడు.

"దీని నడక ఎక్కడో చూసినట్టుందే."

"ఎక్కడ?" అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. "టీవీలో అయ్యుంటుంది."

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం.

సెప్టెంబర్ 12

తమ్ముడి ఇంటికి వెళ్ళాను. దారిలో పని ఉండి వెళ్ళాను. బల్ల మీద దరఖాస్తు నకలు కనపడింది. ఒక్కటే పేరు.

"ఇంటికి ఒక్క పేరే కదక్కా. రూలు నేను పెట్టానా?"

"రాయిస్తానన్నావు."

"అన్నాను. కాదనట్లేదు. అయినా నీకెందుకక్కా ఆ పత్రం? మీటింగులు, ఉపన్యాసాలు, అన్నీ తలనొప్పులు. నువ్వు హాయిగా ఉన్నావు."

మరదలు టీ తెచ్చింది. తాగాను. వేడిగా ఉందని ఊదుకుంటూ తాగాను. నేను హాయిగా ఉన్నానట.

సెప్టెంబర్ 13

నాకు కావాలి. ఇక్కడైనా రాసుకుంటాను. నాకా పత్రం కావాలి. నాన్న పేరు కింద నా పేరు ఉండాలి. ఎనిమిదేళ్ళప్పటినుంచీ కావాలి.

సెప్టెంబర్ 14

నిన్నటిది కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

అక్టోబర్ 8

తమ్ముడు వచ్చాడు. ఈసారి పళ్ళు కాదు, పీతలు. డజను, గడ్డితాళ్ళతో కట్టి. పళ్ళు దాటి పీతలకి వచ్చాడంటే పని పెద్దదే.

దరఖాస్తుదారుల ప్రదర్శన చూడ్డానికి ముగ్గురు పెద్దలు మా ఊరి నాటకశాలకి వస్తారట. దేవతల తోటలో పళ్ళు దొంగిలించే ఘట్టం, వేషంతో, రంగుతో, పదిహేను నిమిషాలు. తుంటి సంగతి చెప్పకూడదు, చెప్తే జాబితాలోంచి తీసేస్తారు.

"మొహాన రంగు పడ్డాక నువ్వెవరో నేనెవరో ఎవరికి తెలుస్తుంది? ఒకే ఎత్తు, ఒకే ఒడ్డు. నీ ఆట అయ్యాక నేను అదే రంగుతో బయటికొచ్చి దణ్ణం పెడతాను. ఎలాగూ రంగు కడిగేదాకా కోతి మాట్లాడకూడదు కదా, ప్రశ్నలు కూడా ఉండవు."

అది మాత్రం నిజం. కోతి మొహం వేసుకున్నాక అది కడిగేదాకా నోట్లోంచి మనిషి మాట రాకూడదు. నాన్న ఒకసారి కాలు బెణికి పడిపోయి కూడా మూగసైగలతోనే ఆసుపత్రికి పోయాడు.

"ఒక్కటేనక్కా. కుడిచేత్తో చెయ్యాలి. నాన్నలాగా. తిప్పుకోగలవా?"

"చూస్తాను" అన్నాను.

పీతలు బాగున్నాయి. మా ఆయన ఏడు తిన్నాడు.

అక్టోబర్ 12

కుడిచేత్తో ప్రయత్నిస్తున్నాను. చెయ్యి మొద్దుబారిపోయి ఉంది. ఈ వయసులో చేతులు మార్చుకోవడం అయ్యేపనేనా? చూడాలి.

అక్టోబర్ 17

అయిపోయింది.

పొద్దున్నే రంగులగదిలో ముందు తమ్ముడికి మొహం వేశాను. తిరగేసిన పీచ్ పండు ఆకారంలో ఎరుపు, చుట్టూ తెలుపు, కళ్ళకి బంగారం. తర్వాత అద్దంలో చూసుకుంటూ నాకు వేసుకున్నాను. ఒకే పసుపు అంగీ. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే నాకే వింతగా ఉంది. మా ఆయన టీ ఫ్లాస్కు పట్టుకుని లోపలికొచ్చాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సిగరెట్ తీసి నాకిచ్చాడు.

"బావా, నేనిక్కడ" అన్నాడు తమ్ముడు.

రంగు పడ్డాక నోరు తెరిచేశాడు. నాన్న ఉంటే చెప్పుచ్చుకునేవాడు. నేను సిగరెట్ చెవి వెనక పెట్టుకుని ఊరుకున్నాను.

స్టేజీ ఎక్కాను. నలభై ఏళ్ళు ఈ తెర వెనకే పెట్టెలు సర్దాను, అంగీలు కుట్టాను, వీళ్ళ చెమటలు తుడిచాను. దీపాలు ముందునుంచి ఇంత వేడిగా ఉంటాయని తెలీదు. ముందు వరసలో ముగ్గురు. మధ్యలో ప్రొఫెసర్ మియావ్, ఎనభై దాటాయి, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. నాన్న కోతిని మొదటినుంచీ చూసిన మనిషి.

మద్దెల మోగింది. గోడ దూకాను. తోటలోకి తొంగిచూశాను. చెవి గోక్కున్నాను.

ఎడమచేత్తో.

అలవాటు, ఏం చేస్తాను. పక్కనుంచి తమ్ముడు పెదాలు కదిలిస్తూ "కుడి! కుడి!" అని సైగలు చేస్తున్నాడు. బంగారు కళ్ళు ఇంతింత చేసి. చూడనట్టే ఊరుకున్నాను. పండు కోశాను, కొరికాను, రుచిలేదని పారేశాను, ఇంకోటి కోశాను. కాపలావాడి గడ్డం లాగి పారిపోయాను. మోకాలు నా మాట విన్నది. నాకు సంతోషంగా ఉంది. ఎప్పుడూ ఇంత సంతోషంగా లేను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ పెళ్ళినాడు కూడా లేను.

తెరపక్కకి వచ్చేశాను. తమ్ముడు వెళ్ళి దణ్ణం పెట్టాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. మియావ్‌గారు కర్ర సాయంతో లేచి నిలబడ్డాడు.

"బాగా చేశావు. చాలా బాగా చేశావు. కానీ ఇది మీ నాన్న కోతి కాదయ్యా. ఇది ఆ ఫోన్ ఆటలో దొంగ కోతి. నా మనవడు పొద్దస్తమానం దాన్నే ఆడతాడు, నాకు అడుగడుగూ కంఠతా వచ్చేసింది. లౌ వారి అబ్బాయివి, ఫోన్ చూసి కోతి నేర్చుకునే ఖర్మ నీకేం పట్టింది?"

తమ్ముడు ఆగలేకపోయాడు. "అయ్యా, ఆ ఆటలో చేసింది నేనే! పేరు కూడా వేశారు!"

కోతి మొహంతో మళ్ళీ మాట. మియావ్‌గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వేనా? మరీ మంచిది. అయితే అసలు కోతి కూడా నీకు వచ్చే ఉంటుంది. ఒక్క మలుపు చెయ్యి, కుడివైపు. అది చూసి నేను వెళ్ళిపోతాను."

తమ్ముడు చెయ్యెత్తాడు. కాలు కదపబోయి తుంటి పట్టుకున్నాడు. తెర వైపు చూశాడు. నావైపు.

నేను కదల్లేదు.

దీపాలు ఒక్కసారి ఆర్పించి, నేను ముందుకూ వాడు వెనక్కూ జరిగితే అయిపోయేది. దీపాల మీట దగ్గర మా ఆయనే నిలబడ్డాడు, చెయ్యి దాని మీద పెట్టి నావైపే చూస్తున్నాడు. ఆయనకి అప్పటికి అర్థమైంది పాపం. నేను తల అడ్డంగా ఊపాను.

మియావ్‌గారు కాసేపు చూసి కూర్చున్నాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఇంటికొచ్చి రంగు కడుక్కునేదాకా నేను ఒక్కమాట మాట్లాడలేదు.

అక్టోబర్ 18

"దొంగ కోతి నువ్వేనటే?" అన్నాడు మా ఆయన. గంజి తాగుతూ.

"ఊఁ."

"నేను దాంతో నూట నలభై మెట్లు గెలిచాను." గిన్నె కింద పెట్టి, "చెప్పొచ్చుగా" అన్నాడు.

చెప్పొచ్చు. అడిగితే.

అక్టోబర్ 25

తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు. నేను ఒక్కసారే చేశాను. సరే, మూడుసార్లు.

నవంబర్ 6

వచ్చాడు. ఖాళీ చేతులతో. ఒక కాగితం బల్ల మీద పడేసి, "చూసుకో నీ నిర్వాకం" అన్నాడు. నిలబడే ఉన్నాడు, తుంటికి కూర్చుని లేవడం కష్టం.

కమిటీ వారి ఉత్తరం. చదివాను. "ప్రదర్శించిన కోతి లౌ ఇంటి పద్ధతి కాదు. అది వేరొకరు చాలా ఏళ్ళపాటు సొంతంగా కట్టుకున్న మరో పద్ధతి. గొప్ప పద్ధతే అయినా, తండ్రినుంచి వచ్చినది కానందున దీనిని వారసత్వంగా గుర్తించలేము." కింద మియావ్‌గారి సంతకం, వణికిన అక్షరాలు.

"ఈ ఏడు లౌ ఇంటికి ఎవరూ లేరు. నాకూ లేదు, నీకూ లేదు. నాన్న పేరే ఆగిపోయింది. చల్లగా ఉందా?" అన్నాడు.

వాడి మొహం చూస్తే జాలేసింది. నిజంగానే వేసింది. వాణ్ణి ఎత్తుకుని తిప్పింది నేనే. వాకిట్లో వాడు గెంతలేక పడితే నాన్న తిట్టేవాడు, వాడు నా దగ్గరికి వచ్చి ఏడ్చేవాడు. వాడికి కోతి ఎప్పుడూ ఇష్టం లేదు. కొడుకు కాబట్టి వేశాడు, అంతే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు.

"కూర్చో. ఎండబెట్టిన ఆవాకు వేసి మాంసం వండాను" అన్నాను.

కూర్చున్నాడు. తిన్నాడు కూడా. తింటూ తింటూ తల ఎత్తకుండా అడిగాడు.

"అక్కా, నిజం చెప్పు. కుడిచేత్తో నీకు వచ్చా?"

"రాదురా" అన్నాను. "ప్రయత్నించాను, రాలేదు."

నమ్మాడు. ఇంకో గిన్నెడు అన్నం పెట్టించుకున్నాడు.

వచ్చు. నాన్న పోయిన ఏడాదే నేర్చుకున్నాను, ఆయన పాత వీడియోని పల్చటి దుప్పటి మీద పడేట్టు వేసి, దాని వెనకనుంచి చూస్తూ, పదకొండేళ్ళ కిందట. రెండు చేతులా వచ్చు, ఏ మలుపైనా. పోయిన నెల ఇక్కడ కూడా అబద్ధమే రాశాను. ఎవరు చదువుతారని రాశానో.

వాడి మీద కోపంతో చెయ్యలేదు. కొంచెం ఉందేమో, లేదనను. కానీ ఆ దీపాల్లో కుడిచెయ్యి ఎత్తితే వాళ్ళు చూసేది నాన్నని. రాసేది వాడి పేరు.

ఉత్తరం వాడు మర్చిపోయి వెళ్ళిపోయాడు. మళ్ళీ చదివాను. వేరొకరు, చాలా ఏళ్ళపాటు, సొంతంగా. ఎనభై ఏళ్ళ మనిషి, నేనెవరో తెలియకుండా, నా గురించి రాశాడు.